ఆగిపోకముందే ఆపిన బండి

నడుస్తున్న ఇంజనును ముట్టుకోవడం మా వైపు అపచారం కింద లెక్క. బోరు మోటారు కాలి వాసన వచ్చేదాకా ఎవరూ దాని పెట్టె తెరవరు. ట్రాక్టరు నడిరోడ్డు మీద నిలబడిపోయేదాకా ఎవరూ దాని నూనె మార్చరు. ఆగిపోయిన తరువాత మాత్రం ఊరంతా చుట్టూ చేరి, తలా ఒక సలహా ఇస్తారు. ఈ అలవాటును నేను ఒప్పుకోను. ఒప్పుకోలేదు కనుకనే మొన్నటి వేసవిలో మా పాత ఫోర్‌వీల్ డీజిల్ జీపులో బీర్పూర్ నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల మీదుగా కోనరావుపేట దాకా వెళ్లి వచ్చాను. బస్సులో వెళ్లేవారికి అది ఒక పూట ప్రయాణం. మాకు వెళ్లడానికే మూడు రోజులు పట్టింది. ఆలస్యానికి కారణం బండి కాదు, నేను. ఆ మాట సిగ్గుపడి చెప్పడం లేదు.

ఎందుకు వెళ్లామో ముందే చెప్పాలి. మా బాపు, అంటే నాన్న, దుబాయిలో ఒక కంపెనీకి డ్రైవరు. ఎడారిలోని పని స్థలాలకు మనుషులను చేరవేసేవాడు. కిందటి సెలవులో వచ్చినప్పుడు ఈ జీపును కొన్నాడు. ఈసారి సెలవు ముగియవస్తున్నది, తిరిగి వెళ్లడానికి వీసా సిద్ధంగా ఉన్నది. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. చదివినది మెకానికల్ ఇంజనీరింగ్. బాపు ఇక వెళ్లకూడదని నా పట్టుదల. ఆ సమయంలోనే సిరిసిల్లలో ఉండే ఆయన పాత మిత్రుడు రాజేశం కాక ఫోను చేసి, కోనరావుపేట అవతల వాగు దాటి ఉన్న పల్లెల నుంచి వానకాలమంతా పాలు తేవడానికి అక్కడి చిన్న పాల సంఘం ఫోర్‌వీల్ బండి కోసం చూస్తున్నదని చెప్పాడు. బండి తెచ్చి, వాగు దాటి చూపించాలి. నచ్చితే పని ఇస్తారు, వానకాలమంతా కాక ఇంట్లోనే ఉండవచ్చు.

బాపుకూ నాకూ మధ్య ఒప్పందం ఇది: పని దొరికితే ఆయన ఉండిపోతాడు. దొరకకపోతే తిరుగు దారిలో కోరుట్లలో జీపును అమ్మేసి, విమానం ఎక్కుతాడు.

బీర్పూర్

బయలుదేరే ఉదయం నేను జీపు ముందు మోకాళ్ల మీద ఉన్నాను. డీజిల్ ఫిల్టరు అడుగున చిన్న మర ఉంటుంది. డీజిలు కంటే నీరు బరువైనది కాబట్టి అడుగున చేరుతుంది. మరను కొద్దిగా వదులు చేస్తే ముందుగా నీరే దిగుతుంది. మా ఊళ్లో డీజిలును డబ్బాల్లో తెచ్చి కొట్టాల్లో నిలవ చేస్తారు. ఆ డబ్బాల్లోని చెమ్మ బండిలోకి చేరి, లోపలి సున్నితమైన భాగాలను తుప్పు పట్టిస్తుంది. ఈ పని బయలుదేరే ముందే చేయాలి.

మల్లేశం మామ, అంటే మా అవ్వకు (అమ్మను మేము అవ్వ అంటాము) తమ్ముడు, పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏందే రజితా, పోకముందే ఇప్పుతున్నవ్? ఖరాబైందా?"

"కాలే మామా. కావద్దనే ఇప్పుతున్న."

"గిదేం సదువుల్లా! మంచిగ పాలిచ్చే బర్రెకు ఎవలన్న సూదేపిస్తరా?"

"ఏపిస్తం గద మామా. గాలికుంటు రాకముందే ఏపిస్తం. మొన్న నువ్వే పట్టుకున్నవ్ బర్రె కొమ్ములు."

మామ వేపపుల్ల తీసి పక్కకు ఉమ్మి, "మాటలైతే మస్తు నేర్పిండ్రు కాలేజీల," అని బాపు వైపు తిరిగాడు. "బావా, ఈ పొల్ల బండిని నడిపిస్తదా, దవాఖాన్ల పండవెడ్తదా?"

బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆయన ఎటు మాట్లాడతాడో అప్పటికి నాకూ తెలియదు. అవ్వ మాత్రం సర్వపిండి రొట్టెల మూట సీటు కింద పెట్టి, "పని దొర్కకుంటె ఇంటికి మాత్రం తిరిగి రాండ్రి, అలిగి ఆడనే ఉండకుండ్రి," అని ఇద్దరినీ కలిపి హెచ్చరించింది.

జగిత్యాల

సారంగాపూర్ మీదుగా జగిత్యాల చేరేసరికి ఎండ ఎక్కింది. బస్టాండు దగ్గరి హోటల్లో మిర్చి బజ్జీలు, పది రూపాయల చాయ తీసుకున్నాము. మా ఊళ్లో బజ్జీతో పాటు ఉల్లిగడ్డ ముక్కలు అడగకుండానే వేస్తారు. ఇక్కడ అడిగితేనే వేస్తారు, అడిగితే మాత్రం గుప్పెడు వేస్తారు. పట్నానికీ పల్లెకూ తేడా అంతేనని బాపు తీర్మానించాడు.

ఫ్యాను బెల్టు ఒకటి అదనంగా దగ్గర ఉంచుకోవాలని విడిభాగాల దుకాణానికి వెళ్లాము. అడిగింది నేను, దుకాణదారు మాత్రం జవాబు బాపుకు ఇచ్చాడు.

"బెల్టు తెగిందా పెద్దమనిషీ?"

"తెగలేదండి," అన్నాను.

"తెగినంక రాండ్రి," అని మళ్లీ బాపుతోనే అన్నాడు. "ఇప్పుడే కొని ఇంట్ల పెట్టుకుంటె ఏమొస్తది? పాపకు జర మీరు చెప్పుండ్రి."

"నాకేం చెప్తున్నవ్?" అన్నాడు బాపు. "ఆమెనే అడుగు. నేను పక్క సీటోన్ని."

దుకాణదారు అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. బెల్టు తెగేది దుకాణం ముందు కాదనీ, దుకాణాలు లేని చోట తెగుతుందనీ చెప్పాను. ఆయన బల్ల మీద బెల్టు పెట్టి, "మీ అసుంటోళ్లు పదిమందొస్తె నా దుకాణం మంచిగ నడుస్తది," అన్నాడు. అది వెటకారమో, మెప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ అయి ఉండవచ్చు.

బండిలో కూర్చున్నాక బాపు అసలు మాట బయటపెట్టాడు.

"చూడు బిడ్డా, నువ్వు చేసేవన్ని నాకు ఎరికే. దుబాయిల గిట్లనే చేస్తరు. పొద్దున గాలి ఫిల్టరు దులపకుంటె గేటు దాటనియ్యరు. బండి మంచిగున్నా సరే, సర్వీసు దినం రాంగనే షెడ్డు లోపటికి గుంజుకపోతరు. అయితె ఆడ కంపెనీ ఉన్నది. ఇక్కడ కంపెనీ ఎవలు?"

"నేనే," అన్నాను.

ఆయన బెల్టును సీటు కింద, సర్వపిండి మూట పక్కన పెట్టాడు. నేను గేరు వేశాను.

మేడిపల్లి దాటాక

యాసంగి, అంటే రబీ పంట, కోతలు అయిపోయిన రోజులు. మా జిల్లా రోడ్లను చూడనివారికి ఇది చెప్పాలి: ఆ రోజుల్లో రోడ్డులో సగం వాహనాలది, సగం వడ్లది. రైతులు రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, రాళ్లు వరసగా పేర్చి హద్దు పెడతారు. అక్కడక్కడా ట్రాక్టరుకు బిగించిన పెద్ద పంఖాతో తూర్పారబడతారు. అప్పుడు లేచే తాలు, పొట్టు పసుపుపచ్చని పొగలా రోడ్డును కప్పేస్తుంది. ఎవరూ విసుక్కోరు, హారను కొట్టరు; అద్దాలు ఎత్తి మెల్లగా దాటుతారు. పంట విషయంలో మా వైపు ఉన్న ఈ మర్యాద నాకు ఇష్టం.

ఆ పొట్టు మేఘాలను ఒకదాని తరువాత ఒకటి దాటుతూ పోయాము. మేడిపల్లి దాటిన కొద్దిసేపటికి వేడిని చూపే ముల్లు మెల్లగా పైకి లేవసాగింది. వెంటనే పక్కకు తీసి ఆపాను. ఇంజనును మాత్రం ఆర్పకుండా నెమ్మదిగా తిరగనిచ్చాను. ఒక్కసారిగా ఆర్పితే నీటి ప్రవాహం నిలిచి, వేడి లోపలే ఉండిపోతుంది.

వడ్ల కుప్ప దగ్గర నుంచి ఒక పెద్దావిడ బిందె నిండా నీళ్లు ఎత్తుకొని పరుగున వచ్చింది. "జరుగు బిడ్డా, జరుగు! పోస్త!" అంటూ నేరుగా ఇంజను మీదికి ఎత్తింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"వద్దు పెద్దమ్మా! కాలుతున్న ఇనుము మీద సల్లటి నీళ్లు పోస్తె పగుల్తది."

"ఏం పగులుడే? మా పెద్దోడు ఎప్పుడు గిట్లనే పోస్తడు."

"మీ పెద్దోని బండి ఏడుంది ఇప్పుడు?"

"షెడ్డుల," అంది ఆమె. అన్నాక తనే ఒక్క క్షణం ఆగి, మళ్లీ కోపం తెచ్చుకుంది. "దూపకు నీళ్లిస్తె వద్దనేటోళ్లను నిన్నే చూసిన!"

కోపంలోనే మమ్మల్ని చెట్టు నీడకు పిలిచి, గిన్నెల్లో చల్లలో కలిపిన మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, పోసింది. ఇంజను చల్లబడేదాకా అక్కడే కూర్చున్నాము. ముల్లు దిగాక ఇంజను ఆర్పాను; చెయ్యి పెట్టగలిగినంత చల్లబడ్డాక చూస్తే రేడియేటరు రేకుల సందులన్నీ పొట్టుతో పూడిపోయి ఉన్నాయి. గాలి దూరే దారి లేదు. ముందు నుంచి కడిగితే పొట్టు ఇంకా లోపలికి దిగబడుతుంది. అందుకని ఇంజను వైపు నుంచి బయటికి, చెంబుతో మెల్లగా నీళ్లు పోశాను. ఆ నీళ్లు పెద్దమ్మ బిందెలోవే.

"ఆఖరికి నా నీళ్లే కావలసొచ్చినయ్," అంది ఆమె, తృప్తిగా.

"మీ నీళ్లు మంచివే పెద్దమ్మా. పోసే ఏళే తప్పు."

బాపు ఆ రేకుల మీద చెయ్యి ఆనించి గాలి ఆడుతున్నదో లేదో చూశాడు. చూడమని నేను అడగలేదు.

కోరుట్ల

ఖదీర్ భాయ్ మెకానిక్ షెడ్డు కోరుట్లలో పాత జీపులకు పెట్టింది పేరు. బాగుచేసేదీ ఆయనే, కొనేదీ ఆయనే. మా ఒప్పందంలోని కొనేవాడు ఈయనే కాబట్టి, పోతూ పోతూ బండిని చూపించక తప్పలేదు. మంచి మనిషి. వాహనాన్ని చప్పుడుతోనే పట్టేస్తాడని పేరు. బాపు దారిలో ముల్లు లేచిన సంగతి చెప్పగానే ఆయన చెయ్యి చాపి పానా అందుకున్నాడు.

"గంతేనా సేట్? థర్మోస్టాట్ తీసి పారేస్త. ఐదు నిమిషాల పని. జిందగీల మల్ల వేడి గాదు."

థర్మోస్టాట్ అంటే ఇంజను నుంచి రేడియేటరుకు పోయే నీటి దారిలోని చిన్న తలుపు. ఇంజను తగినంత వేడెక్కేదాకా మూసి ఉంటుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. మన దగ్గర చాలా షెడ్లలో దాన్ని మొదట పీకేస్తారు. ఎండ దేశానికి అదెందుకు అంటారు. పీకేస్తే ఇంజను ఎన్నడూ తనకు కావలసిన వేడికి చేరదు. డీజిలు సరిగా కాలదు, నూనెలో మసి చేరుతుంది, లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి. ఆ అరుగుడు ముల్లు మీద కనిపించదు. అందుకే ఆ మందు ఇంత పేరు తెచ్చుకున్నది.

"తియ్యొద్దు భాయ్," అన్నాను. "అది మంచిగ పనిచేస్తున్నది. పొట్టు అడ్డం పడ్డది, తీసేసిన."

"బేటీ, నేను గీ చేతులతోని ఎన్ని తీసిన్నో లెక్కలేదు."

"తీసినయన్నీ మల్ల మీ దగ్గరికే వచ్చినయ్ గద?"

షెడ్డులో పనివాళ్లు గట్టిగా నవ్వారు. ఖదీర్ భాయ్ నవ్వలేదు, కానీ పానా కింద పెట్టాడు. బాపుతో ఉర్దూలో ఏదో అని, నాకు అర్థమైందని గ్రహించి, తెలుగులో మళ్లీ చెప్పాడు: "సేట్, మీ బిడ్డ గీ బండిని అమ్మనియ్యది. నాకు ఇచ్చేటిదైతె ఇప్పుడే ఇచ్చి పోండ్రి. గా వాగు ఇసుకల గేరుపెట్టె పగులగొట్టుకొని తెస్తె నేను తీసుకోను."

అది బేరం కాదు, ఆయన నిజంగా అనుకుంటున్న మాట. బాపు జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఆ తిరగడంలో ఆయన మనసు ఇవ్వడం వైపే ఒరుగుతున్నదని నాకు స్పష్టంగా తెలిసింది. నేను డ్రైవరు సీట్లో కూర్చొని తలుపు వేసుకున్నాను. చదువుకున్న మనిషి చేయదగిన పని అది కాకపోవచ్చు. కానీ దిగలేదు.

"ఏందది?" అన్నాడు బాపు.

"ఒప్పందం కోనరావుపేట దాకా. ఇది కోరుట్ల."

ఖదీర్ భాయ్ చేతులు తుడుచుకుంటూ, "కానీయండ్రి సేట్, కొట్లాట తిన్నంక చేద్దురు," అని మమ్మల్ని ఇద్దరినీ పక్కనే ఉన్న ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ల ఇంట్లో ఖట్టీ దాల్ తిన్నాను. మా పప్పుచారులో చింతపండు పులుపు మాత్రమే. వాళ్లు మామిడికాయ కూడా వేసి, పైన వెల్లుల్లి తాలింపు పోస్తారు. బండి విషయంలో ఆ ఇంటి యజమానితో నాకు ఒక్క మాట కలవలేదు. పప్పు మాత్రం రెండోసారి వడ్డించుకున్నాను.

రుద్రంగి దారి

మర్నాడు కథలాపూర్ మీదుగా రుద్రంగి వైపు తిరిగాము. అక్కడ గుట్టలు దగ్గరకొస్తాయి. మోదుగు చెట్లు, రాతి బండలు, ఎర్రమట్టి. వాహనాలు పలచబడగానే పక్కనున్న మట్టి బాటలోకి దిగి ఆగాను. ఫోర్‌వీల్ బండ్ల యజమానులు చేసే ఒక విచిత్రమైన తప్పు ఉన్నది: అవసరం పడలేదని ముందు చక్రాల గేరును ఏళ్ల తరబడి వేయరు. వేయకపోతే దాని నూనె కదలక, కీళ్లు బిగుసుకుపోయి, నిజంగా అవసరం పడిన రోజున అది కదలదు. నెలకొకసారైనా మట్టి దారిలో కొంత దూరం వేసి నడపాలి.

నేను కిందికి దిగి కీళ్లకు గ్రీజు పెడుతుంటే మేకలు కాసే ఒక పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

"బండి ఖరాబైందా?"

"లేదు కాకా, మంచిగనే ఉంది."

"మంచిగుంటె ఎందుకాపినవ్?"

"మంచిగుండాలని."

ఆయన దీన్ని కాసేపు నమిలాడు. "నా మేకలు గిట్ల మంచిగున్నప్పుడల్ల ఆగితె నేను ఇంటికి ఎప్పుడు పోవాలె?" అన్నాడు. తరువాత బాపును అడిగాడు: "ఈ బిడ్డకు పెండ్లి అయిందా?"

"కాలే," అన్నాడు బాపు.

"అదే అనుకున్న. అత్తగారింట్ల అయితె గిన్ని సార్లు ఆపనియ్యరు."

ముగ్గురం నవ్వాము. అయినా గ్రీజు పెట్టడం పూర్తిచేసే లేచాను.

వేములవాడలో బాపు మాట నేను విన్నాను, నా మాట బాపు విన్నాడు. గుడి ముందు బండికి పూజ చేయించాలన్నాడు, చేయించాము. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పసుపు కుంకుమలు పూశారు. పూలమ్మే ఆమె పెద్ద బంతిపూల దండ తెచ్చి ముందు జాలీకి నిండుగా కట్టింది. గాలి పోయే దారి మళ్లీ మూసుకుంది. నేను దండ విప్పుతుంటే, "దేవుని దండ తీస్తవా?" అని బాపు నిజంగానే నొచ్చుకున్నాడు. తీయడం లేదనీ, జరుపుతున్నాననీ చెప్పి అద్దాల పక్కన కట్టాను. దేవుడు ఏమీ అనుకోలేదు. పూలామె మాత్రం చాలా అన్నది.

సిరిసిల్ల

సిరిసిల్లకు చూపు కంటే ముందు చెవి చేరుతుంది. వీధి మలుపు తిరగగానే సాంచాల చప్పుడు. ఇక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ చప్పుడులోనే మనుషులు మాట్లాడుకుంటారు, పిల్లలు నిద్రపోతారు. చప్పుడు ఆగితేనే లేచి కూర్చుంటారట. మా ఊళ్లో చీకటి పడగానే మాట తగ్గుతుంది. ఇక్కడ అందరి గొంతూ ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. రాజేశం కాక మమ్మల్ని వాటేసుకొని అడిగిన కుశల ప్రశ్నలు వీధి చివరి ఇంటికి కూడా వినిపించి ఉంటాయి.

కాక, బాపు దుబాయిలో ఒకే గదిలో ఉన్నవారు. కాక ముందుగా తిరిగివచ్చి నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. జీపును ఎండలో ఉంచవద్దని సాంచాల షెడ్డు పక్కనే, గోడకున్న పంఖా ముందు నిలబెట్టించాడు. అది ఆయన ప్రేమ. తెల్లవారి చూస్తే జీపు ముందు భాగమంతా తెల్లని నూగు! షెడ్డులోంచి పంఖా తోసిన దూది నూగు రేడియేటరు రేకుల నిండా పట్టు గుడ్డలా అల్లుకుపోయింది.

"అయ్యో, నేనే చేసిన్నా!" అన్నాడు కాక.

సుగుణ చిన్నమ్మ, అంటే కాక భార్య, లోపలికి వెళ్లి మెత్తని కుంచె తెచ్చింది. సాంచ నడిపే ముందు ప్రతి ఉదయం ఆ కుంచెతోనే నూగు దులిపి, కదిలే చోట్ల నూనె చుక్కలు వేస్తారు.

"మా దాంట్ల నూగు నిలిస్తె పోగు తెగుతది, బట్టకు మచ్చ పడుతది," అంది. "ఆగినంక సాపు చేద్దామంటె గుడ్డ మొత్తం ఖరాబే. మీ దిక్కు గిట్ల చెయ్యరా?"

"మా దిక్కు చేస్తె నవ్వుతరు చిన్నమ్మా."

"నవ్వనియ్యి. నవ్వేటోళ్లు అచ్చి నేసిస్తరా?"

ఆ మాటకు నేను ఆమెను కౌగిలించుకోవలసింది. చేతులకు గ్రీజు ఉండటంతో ఊరుకున్నాను. ఇద్దరం చెరో వైపు కూర్చొని జీపును దులిపాము. బాపు గాలి ఫిల్టరు విప్పి, నేలకు మెల్లగా తట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు. దుబాయిలో రోజూ చేసిన పని. చేతులు వాటంతట అవే చేశాయి. ఇంటి ముందు నిలబడి ఆయన ఆ పని చేయడం నేను చూడటం అదే మొదలు.

చిన్నమ్మ పెట్టిన పచ్చిపులుసు, ముద్దపప్పు తిని, కాకను వెంటబెట్టుకొని కోనరావుపేటకు బయలుదేరాము.

కోనరావుపేట

పాల సంఘం పెద్ద దేవవ్వ. తలకు కొంగు చుట్టుకొని, వాగు ఒడ్డున నీడలో పాల క్యాన్ల మీద కూర్చున్న పదిపన్నెండు మంది మధ్య ఆమె ఒక్కతే నిలబడి ఉన్నది. అప్పటికే ఇంకొక బండి వచ్చింది. సంతోష్ అనే యువకుడి కొత్త పికప్. అదీ ఫోర్‌వీలే, మెరిసిపోతున్నది. మా జీపును చూసి అతను, "అక్కా, దీన్ని తోలుకొని అచ్చిండ్రా, గుంజుకొని అచ్చిండ్రా?" అన్నాడు.

"తోలుకొని అచ్చినం. వాపస్ గూడ తోలుకొనే పోతం."

వేసవి కాబట్టి వాగులో నీరు లేదు. మోకాలి లోతు పొడి ఇసుక. సంతోష్ ముందుగా దిగి, ఇంజను అరిపిస్తూ, ఇసుక చిమ్ముకుంటూ దాటి, అవతలి పల్లె దాకా పోయి వచ్చాడు. చక్కగా దాటాడు; కాదనను.

నేను దిగబోతుంటే బాపు, "ఆగు," అన్నాడు. కూర్చొని నాలుగు చక్రాల గాలి సగం దాకా తీశాడు. ఒడ్డు మీది వాళ్లు నవ్వారు.

"గాలి తీస్తున్నరేందుల్లా! పంచరు మేమే చేసేటోళ్లం గద!"

"ఇసుకల టైరు పరుసుకోవాలె," అన్నాడు బాపు, తలెత్తకుండా. "గట్టిగుంటె తవ్వుతది. మెత్తగుంటె నడుస్తది. దుబాయిల గిట్లనే పోతం."

నిండు క్యాన్లు వెనుక ఎక్కించారు. ముందు చక్రాల గేరు వేశాను, బిగుసుకోకుండా పడింది. ఇసుక మీద జీపు తొందర లేకుండా, ఒకే చప్పుడుతో దాటింది. అవతలి ఒడ్డు ఎక్కాక ముల్లు కొంచెం లేచింది. గాలికి ఎదురుగా తిప్పి, ఇంజనును తిరగనిస్తూ ఆపేశాను. ఇవతలి నుంచి ఈలలు వేశారు. "అయిపోయింది! పండుకున్నది!" అన్న కేకలు వినిపించాయి. ముల్లు తన చోటికి దిగేదాకా నేను స్టీరింగు మీది చేతులు తీయలేదు, వాళ్ల వైపు చూడలేదు. ముల్లు దిగాక కదిలించాను. తిరిగి వచ్చేసరికి ఒక్క క్యాను మూత కూడా తడవలేదు. ఆలస్యంగానే వచ్చాము, అంతే.

దేవవ్వ ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టింది.

"రెండు బండ్లు దాటినయ్. ఒక్కటే అడుగుత. నెలల ఎన్ని దినాలు రారు?"

"ఒక్క దినం గూడ నాగా ఉండది దేవవ్వా," అన్నాడు సంతోష్. "కొత్త బండి. రోజు వస్త."

ఆమె నా వైపు చూసింది. రోజూ వస్తామని చెప్పమన్నట్టు రాజేశం కాక దగ్గాడు. చెప్పవచ్చు. ఒక అబద్ధంతో బాపు దుబాయి పోకుండా ఉండిపోయేవాడు.

"నెలకు రెండు పొద్దులు రాము," అన్నాను. "ఆ రెండు పొద్దులు బండి విప్పి ఉంటది. నూనె, ఫిల్టరు, బెల్టు, బ్రేకులు అన్నీ చూసుకోవాలె. మంచిగున్నా విప్పుత. అది ఒప్పుకుంటేనే పని చేస్త. లేకుంటె వద్దు."

ఒడ్డంతా గుసగుసలు. ఎవరో, "వద్దంటున్నది, వద్దనుండ్రి!" అన్నారు. దేవవ్వ చెయ్యి ఎత్తింది.

"సప్పుడు చెయ్యకుండ్రి. పోయిన వానకాలం గూడ రోజు వస్తనన్నోన్నే పెట్టుకున్నం. నాట్లప్పుడు చెప్పకుండ ఆగిండు. ఫోను ఎత్తలే. మాపటి దాకా చూసి, పాలన్ని గీ వాగుల పారబోసినం. రాని పొద్దు ముందుగల్ల ఎరికైతె ఎందుకు పారబోస్తం? తోడేసుకుంటం. నెయ్యి కాసుకుంటం. చెప్పి రానోళ్లతోని మాకేం నష్టం లేదు." ఆమె నాకు దగ్గరగా వచ్చింది. "అయితె బిడ్డా, వాన కొట్టంగ, చీకట్ల, గీ ఇసుకల నువ్వొక్కదానివి ఎట్ల వస్తవ్? కింద పండుకొని విప్పేది నువ్వే, పైన కూసొని తోలేది నువ్వేనా?"

నేనే అని చెప్పబోయాను. మాట నోట్లోనే ఉన్నది.

"నేనుంట," అన్నాడు బాపు.

"నువ్వు దుబాయి పోతవని రాజేశం అన్నడు?"

"పోదామనే అనుకున్న. ఇగ పోను." ఆయన నా వైపు కాక, జీపు చక్రాల వైపు చూస్తూ అన్నాడు. కాక వెనుక నుంచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"సరే," అంది దేవవ్వ. "మిరుగు కార్తె నుంచి మొదలు. ఆ రెండు పొద్దులు ఎప్పుడో ఇప్పుడే చెప్పుండ్రి. అందరు వినాలె."

ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు అని నేను అనుకొని వచ్చాను. బాపు నాకంటే ముందే నోరు తెరిచాడు.

"అమాస నాడు. పున్నం నాడు."

దేవవ్వ మొదటిసారి నవ్వింది. "గవైతె ఎవలకు యాది చెయ్యాల్సిన పని లేదు," అంది.

ఆ దారి చూడనివారు వానకాలంలో ఒకసారి రండి. వాగు అవతలి పల్లెల్లో చల్ల అడిగితే కాదనరు, ఇవతలి ఒడ్డున చాయ దొరుకుతుంది. అమావాస్య, పౌర్ణమి తప్ప ఏ ఉదయమైనా క్యాన్ల మధ్య చోటు చేసి దాటిస్తాం. ఆ రెండు రోజుల్లో వస్తే మాత్రం దాటించం. ఎంత బతిమాలినా దాటించం.